మడికి కూడా అప్పగింత ఉండాలి

(ఒడిశాలోని పర్లాకిమిడిలో కార్తీక వనభోజనాల రోజున ఉమ్మడి కూరగాయల తోటలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక అరటి చెట్ల దగ్గర కూర్చున్నవాళ్ళకు వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యి ఎత్తండి, నేనే కాస్త గట్టిగా మాట్లాడతాను. వంట ఇంకో ముప్పావు గంట పడుతుందన్నారు. ఆ ముప్పావు గంట నాకు ఇచ్చారు.

ఏటా ఈ ఉసిరి చెట్టు కిందే కూర్చుంటాం. ఈసారి కొత్త ముఖాలు చాలా కనిపిస్తున్నాయి. ఇక్కడ సాగుకు ఒక మడి కావాలని పేరు రాయించుకుని ఎదురుచూస్తున్నవాళ్ళు కూడా వచ్చారు. ముఖ్యంగా వాళ్ళ కోసమే ఈ మాటలు. పోయిన నెలలో ఇక్కడ రెండు కుటుంబాల మధ్య మాటా మాటా పెరిగిందని మీలో చాలామంది విన్నారు. అది తీరిపోయింది. ఆ రెండిళ్ళ ఆడవాళ్ళూ ఇప్పుడు పక్కపక్కన కూర్చుని కంద తరుగుతున్నారు. కాబట్టి దాని జోలికి పోను. అంతకు ముందు జరిగినవి చెబుతాను. వాటిలో నా తప్పు ఉంది. పన్నెండేళ్ళుగా ఈ తోట పుస్తకం రాస్తున్నది నేనే.

తెలియనివాళ్ళకు తోట గురించి కొంచెం. ఇది మొత్తం 60 సెంట్లు. ఒడియా కాగితంలో 60 డిసిమిల్ అని కనిపిస్తుంది, కంగారు పడకండి, రెండూ ఒకటే. ఎకరంలో నూరో వంతు, 48.4 చదరపు గజాలు. ఆంధ్రాలో పాతపట్నం వైపు సెంటు, ఇటు డిసిమిల్. ఒక పెద్దాయన తన ఖాళీ స్థలాన్ని కూరగాయలు పండించుకోమని మనకు వాడుకకు ఇచ్చారు. అమ్మలేదు, రాసివ్వలేదు. అందులో 24 మడులు చేశాం, ఒక్కోటి 2 సెంట్లు. మిగిలింది దారులు, నుయ్యి, పనిముట్ల పాక, ఈ ఉసిరి చెట్టు. మడికి ఇంత అని ఏడాదికోసారి చందా వేసుకుంటాం. అది మోటారు కరెంటుకూ, కంచెకూ సరిపోతుంది. మడి ఎవరికీ సొంతం కాదు. కానీ రెండేళ్ళు తవ్వి, గెత్తం, అదే పశువుల ఎరువు, వేసి, ఎండలో బిందెలతో నీళ్ళు మోసినవాళ్ళకు అది తమది కాదని అనిపించడం ఎంత కష్టమో తవ్వినవాళ్ళకే తెలుసు. ఇక్కడ వచ్చిన ప్రతి గొడవా అక్కడే పుట్టింది.

మొదట్లో ఈ బాధ లేదు. అందరం ఎరిగినవాళ్ళమే. ఊరెళ్ళేవాళ్ళు గట్టు మీద నిలబడి, "పిన్నీ, వారం రోజులు మా ఆనప పాదుకు నీళ్ళు పోస్తావా?" అని అడిగేవారు. అంతే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చింది. పలాస దగ్గర తీరం దాటిన ఆ తుపాను మన గజపతి జిల్లాను ఏం చేసిందో మీకు చెప్పక్కర్లేదు. బరఘర దగ్గర కొండచరియ విరిగిపడి మనుషులే పోయారు. ఈ తోటలో ఒక్క అరటి చెట్టు నిలబడలేదు. నీళ్ళు తీసేసరికి గట్లు లేవు, 24 మడులకు బదులు ఒకే బురద చెక్క కనిపించింది. నూతి అంచు నుంచి అడుగులు కొలుచుకుంటూ మళ్ళీ గీతలు గీశాం. ఆ కొలతలో ఒకరికి మూర కలిసింది, ఒకరికి మూర తగ్గింది.

ఇళ్ళ పైకప్పులు పోయినవాళ్ళు తోటకు ఎందుకు వస్తారు? ఎనిమిది మడులు గడ్డి పట్టిపోయాయి. మరోపక్క మడి కావాలని అడిగేవాళ్ళు పెరిగారు. 2020లో కరోనా వచ్చాక జాబితా ఇంకా పొడవైంది, ఇంట్లో కూర్చున్నవాళ్ళందరికీ మట్టి గుర్తొచ్చింది. అప్పుడు కమిటీలో ఒక నియమం పెట్టుకున్నాం. నాలుగు నెలలు సాగు లేకుండా వదిలేస్తే ఆ మడి జాబితాలో ముందున్నవాళ్ళకు వెళ్తుంది. న్యాయమైన నియమమే. దాన్ని ఒడియాలో టైపు చేయించి గేటుకు అంటించాం. అక్కడితో మా పని అయిపోయిందనుకున్నాం.

2022 జనవరిలో ఒక పెద్దాయన కూతురి పురిటికి విశాఖపట్నం వెళ్ళారు. రైసుమిల్లులో గుమస్తాగా చేసి మానేసిన మనిషి. తోట మొదలైన నాటి నుంచీ ఉన్నారు. ఆయన మడిలో పడమటి మూల ఒక మల్లె దుబ్బు ఉండేది. భార్య నాటింది. ఆవిడ పోయి అప్పటికి మూడేళ్ళు. తుపానులో అన్నీ పోయినా ఆ దుబ్బు పోలేదు.

మల్లె పెంచినవాళ్ళకు తెలుసు. పూత బాగా రావాలంటే చలికాలంలో నీళ్ళు మాన్పిస్తాం. ఆకు రాలుతుంది. జనవరి, ఫిబ్రవరిల్లో కొమ్మలు కత్తిరిస్తాం. అప్పుడు చూస్తే అది చచ్చిన మోడులా ఉంటుంది. తర్వాత ఎరువు వేసి నీళ్ళు పెడితే చిగురించి, మార్చి దాటేసరికి మొగ్గ తొడుగుతుంది. ఆయన కత్తిరించి వెళ్ళారు. పదిహేను రోజులయ్యాక నీళ్ళు పెట్టమని పక్క మడి ఆవిడకు చెప్పారు. ఆవిడకు ఆ నెలలోనే కాలు విరిగింది. ఆయనకు ఆ సంగతి తెలియదు. కూతురికి కాన్పు కష్టమై, పసిపిల్ల ఆసుపత్రిలో ఉండి, ఆయన అనుకున్నట్టు నెలలో తిరిగి రాలేకపోయారు.

మే నెల నాటికి మడి నిండా తుంగ. నియమం ప్రకారం నాలుగు నెలలు దాటింది. నేను ఒకసారి ఫోన్ చేశాను, కలవలేదు. రెండోసారి చేయలేదు. ఈ మాట మీ అందరి ముందూ చెప్పాలనే ఇవాళ మాట్లాడటానికి ఒప్పుకున్నాను. జాబితాలో ముందున్న పేరు గుణుపురం నుంచి వచ్చి ఇక్కడ మోటార్ల పని చేసుకుంటున్న ఒక కుర్రవాడిది. మడి అతనికి రాశాం. మే ఎండల్లో అతనూ భార్యా సాయంత్రాలు వచ్చి రెండు సెంట్లూ గునపంతో తవ్వారు. తుంగ గడ్డలు ఒక్కొక్కటీ ఏరారు. డబ్బులు పెట్టి బండెడు గెత్తం కొన్నారు. మూలనున్న మోడును పీకి గట్టు మీద పడేశారు.

జూన్‌లో పెద్దాయన వచ్చారు. నేను నూతి దగ్గర ఉన్నాను. ఆయన నేరుగా ఆ మూలకు వెళ్ళి, వంగి చూసి, కుర్రవాణ్ణి అడిగారు.

"బాబూ, ఇక్కడ ఒక మల్లె దుబ్బు ఉండాలి."

"ఎండిపోయింది తాతగారూ. పీకేశాను."

ఆయన కేకలేమీ వేయలేదు. గట్టు మీద వెతికారు. అప్పటికి నెల దాటింది, ఆ కొమ్మలు ఎవరి పొయ్యిలోకో పోయాయి. ఆయన నా దగ్గరకు వచ్చి, "మేడమ్, నేను మడి వదిలేశానని మీకెవరు చెప్పారు?" అన్నారు. నేను గేటు మీది కాగితం చూపించాను. ఆయన దాన్ని కాసేపు చూసి, "నాకు ఒడియా చదవడం రాదు కదమ్మా" అన్నారు. ఈ తోటలో అన్నేళ్ళు ఒకే నూతి నీళ్ళు తోడుకున్నాం. ఆయనకు ఒడియా చదవడం రాదని నాకు తెలియదు.

తర్వాత పది రోజులు తోట రెండు ముక్కలైంది. ముసలాయన మడి లాక్కున్నారని కొందరు, చెమటోడ్చిన కుర్రవాణ్ణి వెళ్ళగొట్టాలని చూస్తున్నారని కొందరు. దాన్ని తెలుగు, ఒడియా గొడవగా తిప్పాలని కూడా ఒకరిద్దరు చూశారు. ఇద్దరూ తెలుగువాళ్ళే కాబట్టి అది సాగలేదు. కమిటీ వేరే మడి ఇస్తామంది. ఆయన వద్దన్నారు. ఇప్పటికీ రోడ్డు మీద ఎదురుపడితే "నమస్కారం మేడమ్" అంటారు, ఆగరు. తోటకు మళ్ళీ రాలేదు. ఆ కుర్రవాడు ఇవాళ ఇక్కడే ఉన్నాడు. ఈ సంగతి చెప్పనా అని అతన్ని ముందే అడిగాను. "చెప్పండి మేడమ్, నేనూ చాలా రాత్రులు నిద్రపోలేదు" అన్నాడు. ఒక్క మనిషి ముందే వచ్చి "ఆ మోడును కదపకు, అది బతికే ఉంది" అని చెప్పి ఉంటే అతను దానికి రోజూ నీళ్ళు పోసేవాడు. అలా చెప్పే రోజు అంటూ మేం పెట్టలేదు.

పెళ్ళిలో అప్పగింతలు చూస్తాం కదా. పిల్ల చేతుల్ని పాలలో ముంచి అత్తమామల చేతుల్లో పెడతారు. తల్లి ఏం చెబుతుంది? మా పిల్లకు ఇది పడదు, తెల్లారకుండా లేపితే తలనొప్పి వస్తుంది, కోపం వస్తే మాట్లాడదు, కాస్త చూసుకోండి అంటుంది. తాళి కట్టేశారు, పెళ్ళి అయిపోయింది, అయినా అప్పగింత లేకుండా పిల్లను పంపరు. మనం మడి ఇచ్చేటప్పుడు తాళి కట్టించి పంపేస్తున్నాం. పేరు రాశాం, చందా తీసుకున్నాం, తాళం చెవి ఇచ్చాం. అప్పగింత చేయలేదు.

ఈ ఇబ్బంది మన ఒక్కరికే వచ్చిందా అని ఆ రోజుల్లో చదవడం మొదలుపెట్టాను. ఇంగ్లండులో ఇలాంటి తోటలను అలాట్‌మెంట్లు అంటారు. అక్కడ దీనికి చట్టమే ఉంది, 1908 నాటిది. ఒక ఊళ్ళో ఆరుగురు ఓటర్లు కలిసి మాకు సాగు చేసుకోవడానికి మడులు కావాలని రాసి ఇస్తే అక్కడి స్థానిక సంస్థ దాన్ని పట్టించుకుని తీరాలి. మామూలు మడి పది పోల్‌లు, మన లెక్కలో ఆరుంబావు సెంట్లు. మన మడికి మూడు రెట్లు. ఇంటివాళ్ళు తినడానికి పండించుకోవాలి, వ్యాపారానికి కాదు. 1950లో వచ్చిన చట్టంలో ఒక ముచ్చటైన సంగతి ఉంది. మడిలో కోళ్ళు పెంచుకోవచ్చు, కుందేళ్ళు పెంచుకోవచ్చు, కోడిపుంజు మాత్రం కూడదు. మన వైపు పుంజును వద్దంటే మగవాళ్ళు సగంమంది తోట మానేస్తారు.

అక్కడ నాకు నచ్చింది తేదీలు. మడి ఖాళీ చేయమనాలంటే కనీసం పన్నెండు నెలల నోటీసు ఇవ్వాలి. అది కూడా ఏప్రిల్ 6 లోపుగానీ, సెప్టెంబరు 29న లేదా ఆ తర్వాతగానీ ముగియాలి. మధ్యలో ముగియకూడదు. ఎందుకు? ఆ దేశంలో పంట నేల మీద ఉండేది ఆ నెలల్లోనే. నాటినవాడి చేతికి కాయ అందకముందే మడి పోకూడదు. చందా నలభై రోజులు బకాయి పడినా, నియమాలు తప్పినా నెల నోటీసు చాలు, అది వేరే. మామూలుగా మనిషిని పంపించేటప్పుడు పంటను చూసి రోజు పెట్టారు. మేం పెట్టిన నాలుగు నెలల నియమానికి పంట అంటే ఏమిటో తెలియదు. క్యాలెండర్ ఒక్కటే తెలుసు.

జర్మనీలో ఇంకో పద్ధతి ఉంది. అక్కడ కుటుంబాల తోటలు లైప్‌జిగ్ ఊళ్ళో 19వ శతాబ్దంలోనే మొదలయ్యాయి. ఒక్కో తోట 400 చదరపు మీటర్లు మించకూడదని 1983 నాటి చట్టం చెబుతుంది. ఒకరు వదిలి మరొకరు తీసుకునేటప్పుడు సంఘం తరఫున విలువ కట్టేవాళ్ళు వస్తారు. చెట్టుకు ఇంత, పాకకు ఇంత అని లెక్క రాస్తారు, కొత్తవాళ్ళు పాతవాళ్ళకు ఆ డబ్బు ఇస్తారు. మన కమిటీలో ఇద్దరు ఈ పద్ధతే పెడదామన్నారు. నేను ఒప్పుకోలేదు. నిమ్మ చెట్టుకు వెల కట్టగలం. ఆ మల్లె దుబ్బుకు ఎంత రాస్తారు? అయితే ఆ పద్ధతిలో ఒక మంచి ఉంది. వెల కట్టడానికైనా ఒకరు వచ్చి ప్రతి మొక్క ముందూ నిలబడి ఇదేమిటని అడుగుతారు. అది మాత్రం తీసుకున్నాం.

రెండో గొడవ వేరే రకం. ఒక తెలుగావిడ, ఒక ఒడియా ఆవిడ ఒకే మడిని సగం సగం చేసుకున్నారు. నాలుగేళ్ళు కలిసి చేశారు. ఒకరిది గోంగూర, బెండ, ఇంకొకరిది పొటల, సారు. పొటల అంటే పర్వల్ కాయ, సారు అంటే మన చేమ. మధ్యలో గట్టు కూడా వేసుకోలేదు. తెలుగావిడ కొడుకు దగ్గరికి హైదరాబాద్ వెళ్ళిపోతూ, మడిని తన ఆడపడుచుకు ఇచ్చానని చెప్పి తాళం చెవి ఆవిడ చేతిలో పెట్టి వెళ్ళింది. ఆడపడుచు వచ్చి మొత్తం మడి తనదే అంది. జాబితాలో ముందున్నవాళ్ళు వచ్చి, మడి ఖాళీ అయితే మాకు రావాలి గానీ చుట్టాలకు ఎలా ఇస్తారు అన్నారు. ఒడియా ఆవిడ నా దగ్గరకు వచ్చి తనకు వచ్చిన తెలుగులో, "మేడమ్, మరి నేను ఎక్కడికి పోవాలి?" అంది.

పుస్తకం తీసి చూశాను. పేరు రాసే చోట ఒక్క గడే ఉంది. అందులో తెలుగావిడ పేరే ఉంది. ఇద్దరూ చేస్తున్నారని నాకు తెలుసు, నాలుగేళ్ళూ చూశాను, ఇద్దరూ చెరిసగం చందా ఇస్తే నా చేతులతో తీసుకున్నాను. రెండో పేరు ఎక్కడా రాయలేదు. గీసిన గడిలో పట్టలేదు, అంతే. నాలుగేళ్ళ కష్టం గడి పట్టక పోయింది.

ఇంగ్లండులో కూడా ఇది ఉన్నదే. చాలా సంఘాల నియమాల్లో మడి ఒక్కరి పేరు మీదే ఉంటుంది. సాయం చేసే మనిషి ఎన్నేళ్ళు తవ్వినా, పేరున్న మనిషి వెళ్ళిపోతే ఆ మనిషికి హక్కు రాదు. అందుకే ముందే రెండో పేరు చేర్పించుకోమని అనుభవం ఉన్నవాళ్ళు కొత్తవాళ్ళకు చెబుతుంటారు. మేం ఒడియా ఆవిడ సగం ఆవిడకే ఉంచి, ఆవిడ పేరు పుస్తకంలోకి ఎక్కించాం. మిగతా సగం జాబితాలో ముందున్నవాళ్ళకు వెళ్ళింది. ఆడపడుచుకు కోపం వచ్చింది, ఇంకా పోలేదు. ఆవిడ పక్షాన కూడా ఒక న్యాయం ఉంది. వదిన తన చేతిలో తాళం చెవి పెట్టి మడి ఇచ్చానంటే ఆవిడ నమ్మింది. మడి ఇచ్చే అధికారం వదినకు లేదని ఆవిడకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు.

వంతు తేల్చుకున్నంత మాత్రాన సరిపోదని మన నదికి కూడా తెలుసు. వంశధార నీళ్ళను సగం సగం పంచుకోవాలని ఆంధ్రా, ఒడిశా రెండూ 1962లోనే ఒప్పుకున్నాయి. అయినా నేరడి దగ్గర బ్యారేజీ మీద వివాదం ముదిరి 2010లో ట్రిబ్యునల్ వేశారు, 2017లో గానీ తీర్పు రాలేదు. సగం అని అనుకున్నాక కూడా ఎక్కడ కట్టాలి, ఎలా తీసుకోవాలి, ఎవరి నేల మునుగుతుంది అనేవి మిగిలాయి. రెండు సెంట్ల మడిలోనూ అంతే. నీళ్ళ వంతు నాది మంగళవారం, నీది శుక్రవారం అనుకుంటాం. శుక్రవారం కరెంటు పోతే?

అలాంటివి తేల్చుకోవడానికి ఒక చోటు, ఒక వేళ ఉండాలి. స్పెయిన్‌లో వలెన్సియా అనే ఊరు ఉంది. ఆ చుట్టుపక్కల తోటలకు కాలువ నీళ్ళు పారతాయి. నీళ్ళ మీద తగువు వస్తే, గురువారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు పెద్ద చర్చి గుమ్మం ముందు పంచాయితీ కూర్చుంటుంది. న్యాయం చెప్పేవాళ్ళు రైతులే, రైతులు ఎన్నుకున్నవాళ్ళే. అంతా నోటి మాటే, అక్కడికక్కడే తీర్పు. కొన్ని వందల ఏళ్ళుగా నడుస్తోంది. 2009లో యునెస్కో దాన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ఇలాంటి ఉమ్మడి ఏర్పాట్లను ఏళ్ళ తరబడి చదివిన అమెరికా ఆవిడ ఎలినార్ ఆస్ట్రమ్‌కు అదే 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆ బహుమతి అందుకున్న మొదటి మహిళ ఆవిడే. ఉమ్మడిదాన్ని జనం తప్పకుండా పాడుచేసుకుంటారని అంతకు ముందు పండితులు గట్టిగా చెప్పేవారు. ఆవిడ వెళ్ళి చూసి, అలా జరగని చోట్లు ఏం చేస్తున్నాయో రాసింది. హద్దులు తెలియాలి. నియమాలు వాడుకునేవాళ్ళే పెట్టుకోవాలి. తగువు వస్తే దగ్గరలో, తక్కువ ఖర్చుతో తీరాలి. చదివినప్పుడు నాకు మా తాతగారి ఊళ్ళో రచ్చబండ గుర్తొచ్చింది. చెరువు నీళ్ళ వంతులు అక్కడే తేలేవి.

అందుకే ఇప్పుడు ప్రతి ఆదివారం ఉదయం ఏడు గంటలకు నూతి గట్టు దగ్గర అరగంట కూర్చుంటున్నాం. తగువు లేకపోతే కబుర్లు. ఉంటే ఆ వారమే తేలాలి, ఇంటికి మోసుకెళ్ళకూడదు.

అప్పగింత ఎప్పుడు పెట్టాలి అనే దాని మీద మాత్రం చాలా చర్చ జరిగింది. తెలుగువాళ్ళం ఏరువాక పున్నమి అన్నాం. ఒడియావాళ్ళు అక్షయ తృతీయ అన్నారు, ఆ రోజు వాళ్ళు పొలంలో మొదటి గింజ వేస్తారు, అఖి ముఠి అంటారు. రెండూ మంచి రోజులే. కానీ రెండూ దున్నే, విత్తే రోజులు. విత్తే రోజున మడి చేతులు మారితే పాతవాళ్ళకు చెప్పే తీరిక ఉండదు, కొత్తవాళ్ళకు వినే ఓపిక ఉండదు, చేతిలో పార ఉంటుంది. అప్పుడు కటక్ వైపు నుంచి వచ్చిన మావుసి (పిన్ని) ఒకావిడ రజ పండుగ మాట ఎత్తింది.

రజ పండుగ మన వైపు కటక్, పూరీల్లో చేసినంత బాగా చేయరు. కొత్తవాళ్ళ కోసం చెబుతున్నా. జూన్ మధ్యలో, మిథున సంక్రాంతికి మూడు రోజులు. భూదేవి ఆ మూడు రోజులూ బహిష్టులో ఉంటుందని నమ్మకం. నాగలి పెట్టరు, నేల తవ్వరు, ఆడపిల్లలు కొత్త బట్టలు కట్టుకుని ఉయ్యాలలూగుతారు, పోడ పిఠా అనే బియ్యప్పిండి రొట్టె కాలుస్తారు. నాలుగో రోజు వసుమతి స్నానం. మావుసి అన్నది ఇదే: "ఆ మూడు రోజులూ ఎవరూ గునపం ముట్టరు. మాట్లాడుకోవడానికి అంతకంటే మంచి రోజులు ఏవి?" వానలు కూడా అప్పుడే మొదలవుతాయి, వేసవి పంట అయిపోయి ఉంటుంది. వెంటనే అందరం ఒప్పుకున్నాం.

ఇప్పుడు రజ మొదటి రోజు సాయంత్రం వెళ్ళేవాళ్ళూ, వచ్చేవాళ్ళూ, కమిటీ నుంచి ఒకరు మడిలో నిలబడతారు. పాతవాళ్ళు ప్రతి మొక్కనూ చేత్తో ముట్టి చెబుతారు. కనిపించనిది కూడా చెప్పాలి. కంద ఉంది చూడండి, ఎనిమిది తొమ్మిది నెలల పంట. ఆకు ఎండిపోయాక పైకి ఏమీ కనిపించదు, కింద బుట్టెడు గడ్డ ఉంటుంది. పసుపూ అంతే. ఒకసారి కొత్తగా వచ్చినవాళ్ళు దున్నుతుంటే కంద బయటపడి, దేవుడిచ్చాడని ఊరంతా పంచిపెట్టారు. నాటినావిడ దసరా నుంచీ దాని మీద లెక్కలు వేసుకుంటోంది. అందుకని ఇప్పుడు నేలలో ఉన్నదాని పేరు, ఏ నెలలో తీస్తారో రాస్తాం. పాతవాళ్ళు వచ్చి తీసుకునేదాకా అది వాళ్ళదే. మునగ, నిమ్మ, కరివేప లాంటి నిలువు చెట్లు ఇకమీదట మడిలో వేయకూడదు, కంచె వెంట వేస్తే అందరివీ. ముందే ఉన్నవి మాత్రం కొట్టేయం. ఏదైనా మొక్కను వెళ్ళేవాళ్ళు "ఇది ఉంచండి" అంటే కొత్తవాళ్ళు ఒప్పుకుంటేనే సంతకం. ఒప్పుకోలేకపోతే ఆ మొక్కను వేళ్ళతో తీసి ఇచ్చేస్తాం, కుండీ ఖర్చు తోటది.

పుస్తకంలో పేర్ల గడి పెద్దది చేశాను. తవ్వే ప్రతి మనిషి పేరూ ఎక్కాలి. మొగుడు పేరు రాసి ఊరుకుంటే కుదరదు. ఊరెళ్ళినప్పుడు నీళ్ళు ఎవరు పోస్తారో, ఆ మనిషికి వీలు కాకపోతే ఇంకెవరో రాయాలి. మీ ఫోన్ కలవకపోతే ఎవరికి చేయాలో రాయాలి. నాలుగు నెలల నియమం ఉంది, తీసేయలేదు. కానీ ఫోన్‌లో మాట్లాడకుండా, లేదా ఇంటికి మనిషి వెళ్ళకుండా ఏ మడీ మారదు. వెళ్ళేది నేనే.

కాగితం రెండు లిపుల్లో ఉంటుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి ఈ ఊరు ఇటు వచ్చింది. అప్పటి నుంచీ మన ఇళ్ళలో మాట ఒకటి, కాగితం మరొకటి. మన పిల్లలకు ఒడియా చదవడం వచ్చు, తెలుగు కూడబలుక్కోవాలి. పెద్దవాళ్ళకు తలకిందులు. అందుకని కాగితాన్ని పైకి చదివి వినిపిస్తాం, ఆ తర్వాతే సంతకం. భాష విషయంలో కూడా ఒక మాట. మొదటి ముసాయిదాలో ఒకరు "సదరు భూభాగమును పరిత్యజించిన యెడల" అని రాసుకొచ్చారు. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. జనం మాట్లాడే తెలుగులోనే రాయాలని ఆయన జీవితమంతా పోరాడారు, కొండల్లో సవరల మాట నేర్చుకుని వాళ్ళ భాషకు పుస్తకాలు చేశారు. ఆ ఊళ్ళో కూర్చుని మనం పరిత్యజించిన యెడల అని రాయకూడదు. "మడి వదిలేస్తే" అని రాశాం. చదివినప్పుడు ఎనభై ఏళ్ళ ముసలమ్మకు కూడా అర్థమైంది, వెంటనే రెండు ప్రశ్నలు అడిగింది.

ఇలా ఇప్పటికి ఐదు మడులు చేతులు మారాయి. పోయిన నెలలో గొడవ పడినవాళ్ళది అప్పగింత పెట్టక ముందు మారిన మడి. పాత మడులకు కూడా వరసగా కాగితం రాయించాలి, అది ఇంకా పూర్తి కాలేదు. ఈ ఏడు పూర్తి చేస్తాను.

ఒక మడిలో మొన్న జూన్‌లో జరిగింది చెబుతాను. వెళ్ళేవాళ్ళు దొండ పాదు, రెండు బొప్పాయిలు, పసుపు అన్నీ చూపించారు. చివర్లో ఆ ఇంటి చిన్నపిల్ల ఆరేళ్ళది, కంచె మూలకు చెయ్యి పట్టుకు లాక్కెళ్ళి, "ఇక్కడ మా పిల్లి పిల్లను పూడ్చాం, తవ్వకండి" అంది. వచ్చినావిడ అక్కడ నాలుగు రాళ్ళు పేర్చింది. కాగితంలో కూడా రాశాం. ఒడియాలోనూ, తెలుగులోనూ.

రాబోయే రజకు రెండు మడులు ఖాళీ అవుతాయి. జాబితా పుస్తకం అదిగో, ఆ స్టూలు మీద ఉంది. పేరు మీ చేత్తో మీరే రాయండి, ఏ లిపిలోనైనా పర్వాలేదు, కలిసి చేసుకోవాలనుకుంటే ఇద్దరి పేర్లూ రాయండి. విస్తళ్ళు వేస్తున్నారు, ముందు భోజనాలు కానివ్వండి. నమస్కారం.